పాట ఎత్తుకునే చోటు తాళంలో అర దెబ్బ జరిగినందుకే స్వరాలన్నీ చెదిరిపోతే, ఇన్నేళ్లు నేర్చుకున్నది ఏమిటి?

నీలగిరి వయొలిన్ (నల్లగొండ)
జనవరి 21, రాత్రి 9.40

సభ్యులందరికీ నమస్కారం. నేను నల్లగొండలో ఉంటాను. పగలు పాఠశాలలో గణితం చెబుతాను, సాయంత్రం ఇంటి దగ్గర పదకొండు మంది పిల్లలకు వయొలిన్ నేర్పుతాను. నా వయసు 43. సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షలు రెండింటిలోనూ మొదటి శ్రేణిలో ఉత్తీర్ణురాలినయ్యాను. మొన్న జరిగిన ఒక సంఘటన తర్వాత ఈ చదువంతటి మీదా నాకే అనుమానం కలిగింది కాబట్టి, దానిని తెలిసినవారి ముందు పెట్టి తేల్చుకోవాలని ఇక్కడ రాస్తున్నాను.

పుష్య బహుళ పంచమి నాడు మా ఊళ్లో త్యాగరాజ ఆరాధన జరిగినప్పుడు ఒక గాయకుడికి పక్కవాద్యం వాయించే అవకాశం వచ్చింది. మోహన రాగంలో, ఆది తాళంలో ఒక కృతికి ఆయన కల్పనస్వరాలు (అప్పటికప్పుడు అల్లే స్వరాలు) పాడతారని ముందే తెలుసు కాబట్టి వారం రోజులు కూర్చొని స్వరాలు రాసుకొని, చేతికి పట్టేదాకా సాధన చేశాను. పల్లవి సమం (తాళం మొదటి దెబ్బ) మీద మొదలవుతుంది కనుక నేను రాసుకున్నవన్నీ సమానికి వచ్చి కలిసేటట్లు కట్టుకున్నాను. కచేరీలో ఆయన పల్లవిని వదిలి అనుపల్లవిని పట్టుకున్నారు. దాని ఎత్తుగడ, అంటే పాట ఎత్తుకునే చోటు, సమం తర్వాత అర క్రియకు (తాళంలో అర దెబ్బకు) ఉంది. నేను నా స్వరాలను ఉన్నవి ఉన్నట్లు వాయించి అర క్రియ ముందే ముగించి, కమాను గాలిలో పట్టుకొని కూర్చున్నాను. రెండోసారీ అదే జరిగింది. మూడోసారి ఆయన నా వంతును కూడా తానే పాడి నన్ను కాపాడారు, సభలో ఎవరూ ఏమీ అనలేదు.

ఇంటికి వచ్చి నా స్వరాల నోటు పుస్తకాలన్నీ బయటికి తీశాను. ఆరు పుస్తకాల్లో దాదాపు నలభై రాగాలకు రాసుకున్న స్వరాలున్నాయి. అందులో ఒక్క వరుస కూడా అప్పటికప్పుడు పుట్టింది కాదని గ్రహించినప్పుడు చాలా బాధ కలిగింది. మనోధర్మం, అంటే అప్పటికప్పుడు కల్పించే శక్తి, అభ్యాసంతో వచ్చేదా, పుట్టుకతో ఉండవలసిందా? ఈ వయసులో మొదలుపెడితే వస్తుందా?

పేట మృదంగం (సూర్యాపేట)
జనవరి 21, రాత్రి 10.55

అక్కా, ముందు లెక్క చూద్దాం. ఆది తాళంలో 8 క్రియలు, క్రియకు నాలుగక్షరాల (చిన్న కాల భాగాల) చొప్పున ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకు, 32 అక్షరాలు. అర క్రియ అంటే రెండక్షరాలు. అంటే మీరు రాసుకున్న ప్రతి వరుసకూ చివర రెండక్షరాలే తక్కువ పడ్డాయి. ఆఖరి గాంధారాన్ని ఒక్క దీర్ఘంగా సాగదీసి ఉంటే మీరు నేరుగా ఎత్తుగడలో దిగేవారు. గణితం చెప్పే మీకు ఈ కూడిక తెలియక కాదు. స్వరాలను గుర్తుచేసుకునే పనిలో మనసు మొత్తం ఉండిపోయినప్పుడు తాళాన్ని వినడానికి చోటు మిగలదు, ఆ రోజు జరిగింది అదేనని నాకు అనిపిస్తోంది.

మృదంగం వాయించేవాడిగా నేను పక్కన కూర్చొని గమనించేది ఒకటుంది. రాసుకొని వచ్చినవారి ముక్తాయింపు (లెక్కతో ముగించే వరుస) కచ్చితంగా ఉంటుంది, కానీ దానికి ముందు వచ్చే సర్వలఘువు (లెక్కలు లేని సాదా) నడకలో ప్రాణం ఉండదు. అప్పటికప్పుడు అల్లేవారి నడక చక్కగా ఊగుతుంది, ముక్తాయింపు మాత్రం ఒక్కొక్కసారి తప్పుతుంది. నా వరకు రెండోవారికి వాయించడమే ఇష్టం, ఎందుకంటే వారు నేను వాయించేది వింటారు.

ఒక సాధన చెబుతాను. మోహనలో గాంధారం, పంచమం రెండే తీసుకోండి, మిగిలిన మూడు స్వరాలనూ నెలరోజులు పక్కన పెట్టండి. ఆ రెండింటితో మూడు ఆవర్తనాలు నడిపి ఎత్తుగడలో కలవాలి. ఎత్తుగడ ఎక్కడన్నది మీరు నిర్ణయించుకోకూడదు. సమం, పావు, అర, ముప్పావు అని నాలుగు చీటీలు రాసి, ఇంట్లో ఎవరితోనైనా ఒకటి తీయించండి. రెండు స్వరాలే కాబట్టి ఏ స్వరం వాయించాలన్న చింత ఉండదు, దృష్టి మొత్తం కాలం మీదికి వస్తుంది.

సంప్రదాయం (వనపర్తి)
జనవరి 22, ఉదయం 6.15

అమ్మా, నేను వీణ నేర్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మృదంగం అబ్బాయి చెప్పిన సాధన మంచిదే, కానీ రాసుకోవడాన్ని తప్పుగా చూడడం నాకు సమ్మతం కాదు. మన పెద్దలు తానవర్ణాలనే అభ్యాస రచనలను, చిట్టస్వరాలనే స్వర వరుసలను ముందే ఎందుకు కట్టి ఇచ్చారు? రాగంలో ఏ స్వరం మీద నిలవవచ్చు, ఏ స్వరాన్ని తాకి వదలాలి, ఏ సంచారం ఆ రాగానికి ముఖం వంటిది అన్నది చేతికి ఎక్కడానికే. మోహనలో మధ్యమ నిషాదాలు లేవు. ఆరోహణను అలాగే ఉంచి అవరోహణలో శంకరాభరణం స్వరాలను రానిస్తే బిలహరి అవుతుంది, కల్యాణి స్వరాలను రానిస్తే మోహనకల్యాణి అవుతుంది. ఈ హద్దులు తెలియకుండా అల్లేదాన్ని మనోధర్మం అనలేము.

మీ లోపం రాసుకోవడంలో లేదు, రాసుకున్నదాన్ని విడదీయకపోవడంలో ఉంది. మోహన వర్ణం మీకు వచ్చే ఉంటుంది. దాని చరణ స్వరాలను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కొక్క ముక్కను వేరే స్వరం నుంచి ఎత్తుకొని, వేరే చోట ముగించి చూడండి. మూడు స్వరాల ముక్క ఒకటి పది రూపాలు తొడుక్కోవడం మీ చేతుల్లోనే కనిపిస్తుంది. నేను ముప్పయ్యేళ్ల వయసులో ఈ పని మొదలుపెట్టాను, నా గురువుగారు అంతకుముందు చేయనివ్వలేదు. అప్పుడు నాకు కోపం వచ్చేది, ఆ ఆలస్యం వల్ల నాకు నష్టం కూడా జరిగిందని ఇప్పటికీ అనుకుంటాను. మీ పదకొండు మంది పిల్లలను మాత్రం అంతకాలం ఆపకండి.

పాలమూరు తీగలు (మహబూబ్‌నగర్)
జనవరి 22, మధ్యాహ్నం 1.20

నేను ఇంజినీరింగ్ విద్యార్థిని, గిటారు వాయిస్తాను. జాజ్ నేర్చుకునేవారు పెద్ద వాద్యకారుల సోలోలను చెవితో విని, ఒక్క స్వరం పోకుండా పట్టుకొని, అచ్చంగా అలాగే వాయించడం నుంచే మొదలుపెడతారు. కనుక అనుకరణ మెట్టు అక్కడా ఉంది, సిగ్గుపడవలసిన పని లేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. 2008లో అమెరికాలో చార్లెస్ లింబ్, అలెన్ బ్రాన్ అనే పరిశోధకులు ఆరుగురు జాజ్ పియానో వాద్యకారులను ఎమ్మారై యంత్రంలో ఉంచి, కంఠస్థమైన సంగీతాన్ని ఒకసారి, అప్పటికప్పుడు అల్లిన సంగీతాన్ని ఒకసారి వాయింపజేశారు. అల్లుతున్నప్పుడు తనను తాను తూచుకుంటూ అదుపు చేసుకునే పనితో ముడిపడిన, నుదుటి వెనుక ఉన్న మెదడు భాగాల్లో చురుకుదనం తగ్గింది, తనను తాను వ్యక్తం చేసుకోవడంతో ముడిపడినదని వారు భావించిన మధ్యభాగంలో పెరిగింది. మీరు ఆ రోజు ప్రతి స్వరాన్నీ రాసుకున్న దానితో సరిచూసుకుంటూ వాయించారు కదా, ఆ కాపలా వల్లే చెయ్యి బిగుసుకుపోయి ఉండవచ్చు. తప్పు పోతుందన్న భయాన్ని వదిలేయండి, మిగతాది దానంతట అదే వస్తుంది.

పేట మృదంగం (సూర్యాపేట)
జనవరి 22, మధ్యాహ్నం 2.05

తమ్ముడూ, ఆ ఆరుగురూ ఏళ్ల తరబడి సాధన చేసి వృత్తిగా వాయించేవారు. కాపలా తీసేసినా ఇల్లు దోపిడీ కాకుండా నిలిచిందంటే, అంతకుముందు గోడలు కట్టుకొని ఉన్నారు కాబట్టే. భయం వదిలితే మిగతాది దానంతట అదే వస్తుందని మాత్రం కొత్తవారికి చెప్పవద్దు, తాళం దానంతట అది రాదు.

పాలమూరు తీగలు (మహబూబ్‌నగర్)
జనవరి 22, మధ్యాహ్నం 2.30

ఒప్పుకుంటున్నాను అన్నా. ఆ చివరి మాట తొందరపడి రాశాను.

కురుమూర్తి భజన (దేవరకద్ర వైపు)
జనవరి 23, రాత్రి 8.10

అమ్మా, నేను నలభై ఏళ్లుగా భజనల్లో హార్మోనియం వాయిస్తున్నాను. నాకు మేళకర్తలు, లెక్కలు ఎక్కువ తెలియవు. రాకంచర్ల వెంకటదాసు, వేపూరు హనుమద్దాసు కీర్తనలు పాడే పల్లెలు మావి. రాత్రి తొమ్మిదికి మొదలైతే తెల్లవారేదాకా కూర్చోవడం మాకు అలవాటు, అంతసేపు ఎవరూ రాసుకొని వచ్చి వాయించలేరు కాబట్టి మీ ప్రశ్నకు నా అనుభవం కొంత పనికివస్తుందనుకుంటున్నాను.

హార్మోనియం గమకం పలకదు. మెట్టుకూ మెట్టుకూ నడుమ ఉన్నది దానికి అందదు. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని ప్రసారాలకు దూరంగా ఉంచింది. అందులో కొంత న్యాయం ఉందని వాయించేవాడిగా నేనే ఒప్పుకుంటాను. మీ వయొలిన్‌కు ఆ బాధ లేదు, గొంతు ఎక్కడికి జారితే మీ వేలు అక్కడికి జారగలదు. అయితే నా వాద్యానికి లేనిది ఏమిటో తెలిసిన తర్వాతే నాకు వాయించడం వచ్చింది.

వయసులో ఉన్నప్పుడు పాట నడుమ కాస్త ఖాళీ దొరికితే చాలు, వేళ్లు పరుగెత్తించి నింపేవాణ్ణి. జనం మెచ్చుకునేవారు కూడా. ఒక శనివారం మా భజన నడిపే పెద్దమనిషి పాట ఆపకుండానే చెయ్యి చాచి నా పెట్టె తిత్తిని మూసి పట్టుకున్నాడు. గాలి లేదు, మెట్లు నొక్కినా పలకలేదు. రెండు చరణాలు అలాగే పాడాడు. ఆ రెండు చరణాలూ నేను మొదటిసారి ఆయన పాట విన్నాను. మాటను ఎక్కడ విరుస్తాడు, ఎక్కడ ఊపిరి తీసుకుంటాడు, ఏ మాట దగ్గర కళ్లు మూసుకుంటాడు, ఇవన్నీ పదేళ్లు పక్కన కూర్చొని కూడా నాకు తెలియని సంగతులు. తర్వాత చెయ్యి తీసేశాడు, నేను వాయించాను, ఆ రాత్రి నా వేళ్లు ఎక్కువ తిరగలేదు కానీ తిరిగిన చోటల్లా పాటకు అతికాయి. ఆయన ఆ తర్వాత దాని గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

భజనలో ఒకరు చరణం అందిస్తే మిగతావారు తిరిగి అంటారు. ఆ తిరిగి అనే సమయంలోనే, అందించేవాడికి తర్వాత ఎటు పోవాలో తోస్తుంది. మీ సంగీతంలో గాయకుడు స్వరం పాడిన తర్వాత మీ వంతు వస్తుంది కదా. ఆయన పాడుతున్నంతసేపు మీరు మీ పుస్తకాన్ని గుర్తుచేసుకున్నారు. ఆయన పాడింది వింటే, ఆయన వదిలిన చోటే మీ మొదటి స్వరం దొరికేది.

తంగేడు (దేవరకొండ)
జనవరి 23, రాత్రి 9.00

పెద్దాయన చెప్పిన ఈ ఖాళీ సంగతి బతుకమ్మ ఆడేవారికి బాగా తెలుసు. మా వాడలో తొమ్మిది రోజులూ పాట అందుకునేది నేనే. నేను ఒక వరుస అంటే చుట్టూ ఉన్నవారు ఉయ్యాలో అంటూ తిరిగి అంటారు. ఆ చప్పట్ల నడుమే తర్వాతి వరుస కడతాను, అందులోకి పక్కింటి పెళ్లి వస్తుంది, నిండిన చెరువు వస్తుంది, ఊరు విడిచి పనికి పోయిన కొడుకు వస్తాడు. రాగం మారదు, నడక మారదు, అందుకే మాటకు స్వేచ్ఛ దొరుకుతుంది. ఒంటరిగా వంటింట్లో కూర్చొని కట్టబోతే నాకు నాలుగు వరుసలు కూడా రావు.

కందనూలు కిన్నెర (అచ్చంపేట)
జనవరి 24, సాయంత్రం 5.45

నేను కిన్నెర నేర్చుకుంటున్నాను. వెదురు కర్రకు సొరకాయ బుర్రలు కట్టి, మెట్లను తేనె మైనంతో అతికించి చేసే ఈ వాద్యం మా నల్లమల అంచు పల్లెల్లో చాలామంది పెద్దలతోనే పోతుందని భయపడ్డాము. మా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య గారికి పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ వచ్చిన తర్వాత కొంత చూపు ఇటు తిరిగింది. నారాయణపేట జిల్లాకు చెందిన బుర్రవీణ వాద్యకారుడు దాసరి కొండప్ప గారికి 2024లో అదే పురస్కారం వచ్చింది.

కథ చెప్పేవారు పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథను నూరుసార్లు చెప్పినా రెండుసార్లు ఒకేలా చెప్పరు. అలాగని మొత్తం కొత్తగానూ చెప్పరు. వీరుణ్ణి వర్ణించే పలుకులు, దారి పట్టి పోయేటప్పటి పలుకులు, తల్లి ఏడ్చేటప్పటి పలుకులు కొన్ని స్థిరంగా ఉంటాయి. ముందు కూర్చున్నవారిని బట్టి వాటిని పొడిగిస్తారు, కుదిస్తారు, ఒకదాని ముందు ఇంకొకటి పెడతారు. ముసలివాళ్లు ఎక్కువ ఉంటే తల్లి దగ్గర నిలుస్తారు, పిల్లలు ఉంటే పోరాటం దగ్గర నిలుస్తారు. వనపర్తి పెద్దలు చెప్పిన వర్ణం ముక్కలు కూడా ఇటువంటివేనని నాకు అర్థమైంది. మీ ఆరు పుస్తకాలను పారేయవద్దని నా మనవి. అవి మీ స్థిరమైన పలుకులు, ఇప్పటిదాకా అన్నింటినీ ఒకే వరుసలో, ఒకే పొడవులో చెబుతూ వచ్చారు, అంతే.

సంప్రదాయం (వనపర్తి)
జనవరి 24, రాత్రి 7.30

జానపదాన్ని, శాస్త్రీయాన్ని ఒకే గాటన కట్టడం నాకు ఇష్టం లేదు, రెండింటి క్రమశిక్షణలు వేరు. కిన్నెర కథలో మాట ముందు, రాగం వెనుక. కల్పనస్వరంలో మాట దాదాపు ఎత్తుగడ దగ్గరే మిగులుతుంది. కానీ స్థిరమైన పలుకుల గురించి అచ్చంపేట అబ్బాయి చెప్పింది సరైనదే, దాన్ని కాదనలేను. హద్దు ఇరుకైతే కల్పన చచ్చిపోతుందని భయపడేవారికి ఒక్క ఉదాహరణ చాలు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు స గ ప ని అనే నాలుగు స్వరాలతోనే మహతి రాగాన్ని రూపొందించారు. రాగానికి కనీసం అయిదు స్వరాలు కావాలన్న సంప్రదాయం ప్రకారం అప్పట్లో చాలా వివాదం జరిగింది, నేనూ అభ్యంతరం చెప్పినవాళ్లలో ఒకణ్ణే. తర్వాత వీణ మీద వాయించి చూశాను. నాలుగింటితో అరగంట గడిచింది.

నీలగిరి వయొలిన్ (నల్లగొండ)
ఫిబ్రవరి 16, రాత్రి 10.20

ఇన్నాళ్లు జవాబు రాయనందుకు క్షమించండి. చెప్పినవన్నీ చేసి చూసిన తర్వాతే రాయాలనుకున్నాను.

చీటీల సాధన నాకు మొదట చాలా కష్టమైంది. మా అమ్మాయి చీటీ తీసేది, నేను గాంధార పంచమాలతో మూడు ఆవర్తనాలు నడిపేదాన్ని. మొదటి నాలుగు రోజులూ సమం చీటీ వస్తే తప్ప సరిగా కలవలేకపోయాను. అయిదో రోజున వాయిస్తూ పాదంతో తాళం వేయడం మొదలుపెట్టాను, అప్పటి నుంచి అర క్రియ ఎక్కడుందో చెవికి ముందు శరీరానికి తెలియసాగింది. ముప్పావు చీటీకి ఇప్పటికీ తడబడుతున్నాను. రెండు స్వరాలతో విసుగు పుడుతుందనుకున్నాను కానీ పుట్టలేదు. పంచమం నుంచి గాంధారానికి జారడం, దూకడం, మధ్యలో ఆగడం, కమానును బరువుగా వేయడం, తేలికగా వేయడం, ఇవన్నీ వేరువేరు సంగతులని నాకు ఇరవై ఏళ్లలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

తర్వాత మా పట్టణానికి దగ్గరలోని ఒక పల్లెలో ఆంజనేయస్వామి గుడిలో శనివారం జరిగే భజనకు వయొలిన్ తీసుకొని వెళ్లాను. వారికి నొటేషన్ లేదు, ఏ కీర్తన వస్తుందో ముందు చెప్పరు, చరణాన్ని ఇష్టం వచ్చినంత సాగదీస్తారు. మొదటి గంట ఏమీ చేయలేకపోయాను. ఆ తర్వాత కురుమూర్తి పెద్దాయన చెప్పింది గుర్తుకు వచ్చి, కమాను ఒడిలో పెట్టుకొని పాడేవారి ఊపిరిని మాత్రం గమనిస్తూ కూర్చున్నాను. నాలుగో కీర్తనలో ఒక చరణం చివర పాడే ఆయన షడ్జం మీద నిలిచినప్పుడు, ఆలోచించకుండానే నేను కింది పంచమం పట్టుకున్నాను. ఆయన నా వైపు తిరిగి చూసి, ఆ చరణాన్ని మళ్లీ ఎత్తుకొని ఇంకో రకంగా పాడారు. నేను వెనుకనే వెళ్లాను. ఆ రెండు నిమిషాల్లో ఏం వాయించానో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను, రాసుకోవాలని కూడా అనిపించలేదు.

నా పిల్లల గురించి కూడా చెప్పాలి. ఇన్నేళ్లుగా పాఠంలో లేని స్వరం ఎవరు వాయించినా తప్పు అని ఆపేదాన్ని. ఈ నెల నుంచి పాఠం చివర పది నిమిషాలు గాంధార పంచమాలను వారి చేతికి ఇచ్చి నేను తాళం వేస్తున్నాను. తొమ్మిదేళ్ల పాప ఒకతె మొత్తం ఆవర్తనం ఒక్క గాంధారం మీదే ఉండిపోయి, ఆఖరి క్రియలో పంచమానికి వెళ్లింది. మిగతా పిల్లలు నవ్వారు. నేను ఆమెతో మళ్లీ వాయించమన్నాను, మళ్లీ అచ్చంగా అలాగే వాయించింది. అంటే ఆమెకు తెలిసే చేసింది. అంతసేపు ఒకే స్వరం మీద ఆగి ఉండే ధైర్యం నాకు కచేరీలో ఎన్నడూ రాలేదు.

ఆరు పుస్తకాలూ అలాగే ఉన్నాయి. వాటిలోని మోహన వరుసలను వర్ణంతో పాటు ముక్కలు చేస్తున్నాను. వేగం పెరిగినప్పుడు మాత్రం వేళ్లు పాత వరుసల్లోకే జారిపోతున్నాయి, వాయించేది నేనా, పుస్తకమా అని తెలియడం లేదు. దీనికి ఏం చేయాలో మృదంగం తమ్ముడు చెప్పాలి. కురుమూర్తి పెద్దాయనకు ఒక మనవి: మీ శనివారం భజనకు నేను వచ్చి కూర్చోవచ్చా?

పేట మృదంగం (సూర్యాపేట)
ఫిబ్రవరి 16, రాత్రి 11.10

అక్కా, వేగాన్ని తగ్గించవద్దు, స్వరాల మధ్య ఖాళీలు పెంచండి. క్రియకు నాలుగక్షరాల వేగం అలాగే ఉంచి, ప్రతి రెండో క్రియలో ఏమీ వాయించకండి. పాత వరుసలు ఆగకుండా సాగితేనే గుర్తుకు వస్తాయి, మధ్యలో తెగితే వేళ్లకు దారి దొరకదు, అప్పుడు మీరే వెతుక్కోవాలి. మూడు వారాలు చేసి చెప్పండి.

కురుమూర్తి భజన (దేవరకద్ర వైపు)
ఫిబ్రవరి 17, ఉదయం 7.00

తప్పకుండా రండి అమ్మా. నల్లగొండ నుంచి దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పాలమూరు చేరితే అక్కడి నుంచి దగ్గరే. చీకటి పడకముందే బయలుదేరండి, రాత్రి మా ఇంట్లోనే ఉందురు గాని, ఆడవాళ్లందరూ ఉంటారు. మా హార్మోనియం శ్రుతి మీరు వాయించేదాని కంటే కాస్త ఎక్కువే ఉంటుంది, తీగలు తెగవచ్చు, ఇంకొక జత తెచ్చుకోండి. మొదటి రెండు కీర్తనలకు వాద్యం పెట్టెలోనే ఉంచండి. మూడోదానికి నేను మీ వైపు చూస్తాను.